నొప్పి మందు వెతుకులాట మనిషి దగ్గరే మొదలవ్వాలి

పార్శ్వపు నొప్పి జోరుగా ఉన్నప్పుడే రోగి మెడ పక్కనున్న సిర నుంచి రక్తం తీసి చూశారు పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్సన్. కంట్లో వెలుతురు పడినా, పక్కగదిలో గిన్నె చప్పుడైనా ఓర్చుకోలేని స్థితిలో ఆ మనుషులు సూదికి ఒప్పుకోవడమే గొప్ప సంగతి. వాళ్ల రక్తంలో సీజీఆర్‌పీ అనే పెప్టైడ్ మామూలుకన్నా బాగా ఎక్కువగా కనిపించింది. 1990లో ఆ ఫలితం అచ్చయింది. తర్వాత కోపెన్‌హాగన్‌లో యెస్ ఓలెసన్ బృందం అదే పదార్థాన్ని పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్ల నరంలోకి ఎక్కించి చూస్తే, చాలామందికి తలనొప్పి వచ్చింది. రెండు పరీక్షలూ జరిగింది రోగుల మీదే. ఏళ్ల తరబడి వేధించే ఏ నొప్పికి మందు వెతికినా దారి ఇదే కావాలని నా వాదన.

నాడీకణం పైపొర మీద గ్రాహకాలుంటాయి. తగిన పదార్థం వచ్చి అక్కడ కూర్చుంటేనే నొప్పి కబురు లోపలికి వెళ్తుంది. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు ఆ చోటును మందు ముందే పట్టేసుకుంటే కబురు ఆగిపోవాలి. లెక్క ఇంత తేలికే. కానీ వందల్లో ఏ సీటు పట్టాలన్నదే అసలు చిక్కు.

1931లో కనుగొన్న ‘సబ్‌స్టెన్స్ పి’ సంగతి చూడండి. దాని గ్రాహకాన్ని మూసే మందుల మీద 1990లలో పెద్ద కంపెనీలెన్నో ఆశ పెట్టుకున్నాయి. జంతువుల్లో అవి చక్కగా పనిచేశాయి. మనుషుల దాకా వచ్చేసరికి నరాల నొప్పి తగ్గలేదు, కీళ్ల నొప్పి తగ్గలేదు, పార్శ్వపు నొప్పీ తగ్గలేదు. ఆ జాతిదే అయిన అప్రెపిటెంట్‌కు 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది, కీమోథెరపీ వాంతులు ఆపడానికి. క్యాన్సర్ రోగులకు అది పెద్ద మేలే. నొప్పితో ఎదురుచూసినవాళ్లకు మాత్రం ఏమీ దక్కలేదు.

మిరపకాయ ఘాటుకు స్పందించే టీఆర్‌పీవీ1 గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో పట్టుకుంది. 2021 నోబెల్‌లో ఆయనకు వాటా తెచ్చిన పని అది. గుంటూరు కారం నాలుకను మండించేది దాని ద్వారానే. దాన్ని మూసేస్తే నొప్పి పోతుందనుకున్నారు. ఏఎంజీ 517 అనే మందును జ్ఞానదంతం తీయించుకున్నవాళ్లకు ఇస్తే కొందరికి ఒళ్లు 40 డిగ్రీల సెల్సియస్ దాటి కాలిపోయింది. ఒంటి వేడిని అదుపులో ఉంచే పనిలోనూ ఆ గ్రాహకానికి చెయ్యి ఉంది మరి. అదే తరహా మరికొన్ని మందులతో వేడి వస్తువు తగిలినా చురుకు సరిగ్గా తెలియని పరిస్థితి వచ్చింది. రోజూ పొయ్యి దగ్గర నిలబడే మనిషికి అలాంటి మందు ఎలా ఇస్తాం?

వేడి పలక మీద పెట్టిన ఎలుక ఎంతసేపటికి కాలు తీస్తుందో గడియారం పెట్టి కొలవొచ్చు. రాత్రంతా నిద్ర లేకపోవడం, బిడ్డను ఎత్తుకోలేకపోవడం, పనికి వెళ్తే మధ్యాహ్నానికే కూలబడిపోవడం ఎలుకలో ఎలా కొలుస్తారు? భద్రత తేల్చుకోవడానికి జంతు పరీక్షలు కావాలి, కాదనను. ఏ గ్రాహకాన్ని మూయాలన్న నిర్ణయానికి మాత్రం ముందుగా రోగి సాక్ష్యం కావాలి.

సీజీఆర్‌పీ దారీ నున్నగా సాగలేదు. తొలి మాత్రల్లో ఒకటైన టెల్కాజెపాంట్ కొందరిలో కాలేయాన్ని దెబ్బతీసే సూచనలు చూపడంతో 2011లో ఆగిపోయింది. గ్రాహకాన్ని మూసే ఎరెనుమాబ్ ఇంజెక్షన్‌కు 2018లో, ఉబ్రోజెపాంట్ మాత్రకు 2019లో అమెరికాలో అనుమతి దొరికింది. ఒక పెద్ద పరీక్షలో ఉబ్రోజెపాంట్ వేసుకున్న 2 గంటలకు నొప్పి పూర్తిగా పోయింది దాదాపు 20 శాతం మందికే. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో అది 12 శాతం. తేడా చిన్నదే. చీకటి గదిలో తలకు గుడ్డ బిగించుకుని పడుకునే మనిషికి ఆ తేడా ఒక పూట బతుకు.

మన దగ్గర నొప్పి అనగానే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగేవాళ్లున్నారు. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ప్రపంచానికి మాత్రలు పంపే హైదరాబాద్ కంపెనీలు, ఓపీల్లో రోజూ ఇలాంటి రోగులను చూసే బోధనాసుపత్రులు కలిసి రోగి దగ్గర మొదలయ్యే ఈ వెతుకులాటకు పూనుకోవాలి. ముందు చీటీ మీద ‘నొప్పి’ అని ఒక్క ముక్క రాసి పంపించడం మానాలి. ఏ వేళకు వస్తోంది, ఎన్నాళ్లుగా ఉంది, ఏ పని ఆగిపోయింది, ఏ మందుకు ఎంత తగ్గిందన్నది రోగి నోటి నుంచే విని, ప్రతిసారీ రాసి పెట్టాలి.