మైటోకాండ్రియా మాత్రలు కొనవలెనా?

పార్కిన్సన్ వ్యాధితో బాధపడేవారి కుటుంబ సభ్యులు ఈ మధ్య నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. “డాక్టరుగారూ, మెదడు కణాలలోని మైటోకాండ్రియాకు బలమిచ్చే మాత్రలట. నాన్నగారికి కొనమంటారా?” వద్దనే నా సమాధానము. ఈ వ్యాధికి మైటోకాండ్రియాతో గట్టి సంబంధమే ఉన్నది. కాని సంబంధము తెలిసినంత మాత్రాన మందు దొరికినట్లు కాదు.

మైటోకాండ్రియా మన కణాలలోని సూక్ష్మాంగాలు. ఆహారము నుంచి వచ్చిన ఇంధనాన్ని ప్రాణవాయువుతో దహింపజేసి, కణానికి కావలసిన శక్తిని ఇవి తయారుచేస్తాయి. శరీరపు బరువులో మెదడు సుమారు 2 శాతమే అయినా, విశ్రాంతి వేళ శరీరము వాడుకునే ప్రాణవాయువులో దాదాపు 20 శాతము దానికే పోతుంది. మెదడు నడిమి భాగములో నల్లగా కనిపించే ఒక చిన్న ప్రదేశములో డోపమిన్‌ను తయారుచేసే నాడీకణాలు ఉంటాయి. ఒక్కొక్క కణపు తంతువు లెక్కలేనన్ని శాఖలుగా చీలి సందేశాలు పంపుతుంది. ఇంతటి శ్రమ చేసే కణాలు శక్తి తగ్గితే ముందుగా దెబ్బతినడము సహజము. ఇవి నశించడము వలననే వణుకు, బిగుసుదనము, కదలికలలో మాంద్యము కలుగుతాయి.

ఈ సంబంధము బయటపడిన తీరు విచిత్రమైనది. 1982లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు యువతీయువకులు కొద్ది రోజుల వ్యవధిలోనే కొయ్యబారిపోయి, కదలలేని స్థితికి చేరారు. నాడీవైద్యుడు విలియం లాంగ్‌స్టన్ ఆరా తీయగా, వారు దొంగచాటుగా తయారైన ఒక మత్తుమందును సూదిద్వారా ఎక్కించుకున్నారని, అందులో ఎమ్.పి.టి.పి. అనే రసాయనము కలిసి ఉన్నదని తేలింది. అది మెదడులో మార్పుచెంది, డోపమిన్ కణాలలో ప్రవేశించి, మైటోకాండ్రియాలోని శక్తి గొలుసులో మొదటి లంకెను స్తంభింపజేస్తుంది. సాధారణ పార్కిన్సన్ రోగుల మెదళ్ళను మరణానంతరము పరీక్షించిన లండన్ పరిశోధకులు, వారిలోనూ ఆ లంకె బలహీనపడి ఉన్నదని 1989లో ప్రకటించారు. తరువాత 1998లో పార్కిన్, 2004లో పింక్1 అనే జన్యువుల పాత్ర వెల్లడయింది. పాడైన మైటోకాండ్రియాను కణము తొలగించుకోవడానికి ఇవి రెండూ తోడ్పడతాయి. వీటిలో లోపాలున్నవారికి చిన్న వయసులోనే వ్యాధి రావచ్చును.

ఇంత తెలిసిన తరువాత, ఆ గొలుసుకు ఊతమిచ్చే పదార్థాలను మాత్రలుగా ఇస్తే చాలునని ఎవరికైనా తోస్తుంది. శాస్త్రజ్ఞులకూ తోచింది. కోఎంజైమ్ క్యూ10ను రోజుకు 1200, 2400 మిల్లీగ్రాముల మోతాదులలో ఇచ్చి, 600 మంది రోగులతో పరీక్ష జరిపారు. 2014లో వెలువడిన ఫలితాలలో, మందులేని ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారికంటె మిగిలినవారికి అదనపు మేలేమీ కనిపించలేదు. క్రియాటిన్‌ను 1700 మందికి పైగా రోగులతో ఏళ్ళ తరబడి పరీక్షించి, ప్రయోజనము లేదని 2013లో ఆపివేశారు. పొగగొట్టము మూసుకుపోయిన పొయ్యిలో కట్టెలు కూరితే మంట పెరుగదు. పైగా వణుకు బయటపడే నాటికే డోపమిన్ కణాలలో పెద్ద భాగము నశించి ఉంటుంది. చనిపోయిన కణానికి ఏ మాత్రా ప్రాణము పోయలేదు. పుట్టుకతో కోఎంజైమ్ క్యూ10 లోపమున్న అరుదైన వ్యాధులలో నిపుణులు దానిని వాడతారు; అది వేరే సంగతి.

నా దృష్టిలో ఈ శాస్త్రము మనకిచ్చే ముఖ్యమైన హెచ్చరిక పొలాలకు సంబంధించినది. కొన్ని మొక్కల వేళ్ళ నుంచి తీసే రోటినోన్ అనే కీటకనాశిని కూడా శక్తి గొలుసులో ఆ మొదటి లంకెనే స్తంభింపజేస్తుంది. దానిని ఎక్కించిన ఎలుకలలో పార్కిన్సన్ వంటి లక్షణాలు కలిగాయని 2000లో అమెరికా పరిశోధకులు చూపారు. అక్కడి వ్యవసాయ మందుల వాడకముపై 2011లో వెలువడిన అధ్యయనములో, రోటినోన్‌ను గాని, పారాక్వాట్ అనే కలుపుమందును గాని వాడినవారిలో ఈ వ్యాధి సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. పారాక్వాట్ పనిచేసే తీరు వేరు. అది కణాలలో ఆక్సీకరణ వలన నష్టము కలిగిస్తుంది. ఇది పూర్తి నిరూపణ కాదని కొందరు వాదిస్తారు. నిజమే. కాని పారాక్వాట్ మింగినవారికి విరుగుడు లేదని మన జిల్లా ఆసుపత్రులలో పనిచేసిన ప్రతి వైద్యుడికీ తెలుసు. అటువంటి మందును అనుమానము తీరేదాకా చల్లుతూనే ఉండడము వివేకము కాదు. యూరోపియన్ యూనియన్ 2007 నుంచి దానిని అనుమతించడము లేదు. మన దేశములోనూ దానిని పూర్తిగా తొలగించవలెనని నా దృఢాభిప్రాయము.

అంతవరకు రైతులు, కూలీలు ఏ మందునూ వట్టి చేతులతో కలుపరాదు. తొడుగులు, ముఖానికి రక్షణ, నిండు చేతుల చొక్కా ధరించాలి. గాలికి ఎదురుగా పిచికారి చేయరాదు. ఆ బట్టలను విడిగా ఉతకాలి. ఖాళీ డబ్బాలలో నీళ్ళు పట్టుకోరాదు.

వ్యాధి వచ్చినవారు లీవోడోపా వంటి మందులను వేళ తప్పకుండా వాడాలి. వైద్యులను అడగకుండా మానరాదు. ప్రతిదినమూ శక్తికొలది వ్యాయామము చేయాలి. వ్యాయామము కండరాలలో మైటోకాండ్రియాను వృద్ధిచేస్తుంది. రోగులకు నడక, నిలకడ మెరుగుపడతాయి. మాత్రల సీసాకు పెట్టే సొమ్ముతో ఫిజియోథెరపిస్టును పిలిపించండి. మిగిలిన రోజులలో మీరే నాన్నగారి చేయి పట్టుకొని ఒక అరగంట నడిపించండి.