తెలియక దున్నలేదు

అమెరికా మైదానాల్లో 1930లలో లేచిన దుమ్ము తుపాన్ల గురించి రాసేవాళ్లు ఎక్కువమంది ఒకే కథ చెబుతారు. నేల గుణం తెలియని రైతులు పచ్చిక పెళ్లగించి గోధుమ వేశారు. వానలు మొహం చాటేశాయి. దున్నిన మట్టి గాలికి లేచిపోయింది. అప్పుడు హ్యూ హామండ్ బెనెట్ అనే మృత్తికా శాస్త్రవేత్త దేశానికి కళ్లు తెరిపించాడు. 1935 ఏప్రిల్‌లో నేల సంరక్షణ సంస్థ పుట్టింది. అధికారులు పొలాలకు వెళ్లి వాలుకు అడ్డంగా దున్నడం, పట్టీలుగా విత్తడం, కొయ్యకాలు ఉంచడం నేర్పారు. శతాబ్దం సగానికి వచ్చేసరికి నేల కుదుటపడింది. ఏ దేశపు వ్యవసాయ శాఖకైనా ఈ కథంటే మక్కువే, ఇందులో కథానాయకుడు తానే కనుక. రైతుకు లేని తెలివి అధికారికి ముందునుంచీ ఉందనీ, ఆ తెలివి రైతుకు అందగానే దుమ్ము ఆగిందనీ ఈ కథ మనచేత ఒప్పిస్తుంది. రెండూ నిలవవు. ఆ నేలను గాలిపాలు చేసింది లాభనష్టాల లెక్క. తర్వాత ఎంతో కొంత నిలిపింది కూడా ఆ లెక్కను మార్చిన డబ్బూ చట్టమే గాని, పాఠం కాదు.

ముందు తెలివి సంగతి చూద్దాం. దేశానికున్న ఆస్తుల్లో తరగనిదీ చెరగనిదీ నేల ఒక్కటేనని 1909లో అమెరికా వ్యవసాయ శాఖలోని నేలల విభాగమే బులెటిన్‌లో అచ్చువేసింది. ఆ విభాగంలో ఉద్యోగి అయిన బెనెట్ తర్వాత ఆ మాటను బాగా ఎద్దేవా చేశాడు. నేలకోత మీద 1928లో అతను రాసిన సర్క్యులర్ ఒక రకంగా సొంత శాఖతో వాదనే, అది అతని గొప్పతనం. ఆ రోజుల్లో మెట్ట సేద్యానికి ప్రవక్తగా వెలిగినవాడు హార్డీ వెబ్‌స్టర్ కాంప్‌బెల్. పైమట్టిని పదేపదే గుల్ల చేసి దుమ్ము పొరలా ఉంచితే అడుగు తేమ ఆవిరి కాదన్నది ఆ కాలపు సిద్ధాంతం. భూములకు గిరాకీ కావలసిన రైలు కంపెనీలు దాన్ని ఊరూరా ప్రచారం చేశాయి. కెనడా ప్రయోగ క్షేత్రాలు పొలాన్ని వంతులవారీగా పడావు వేసి, ఆ ఏడంతా గడ్డిపోచ లేకుండా నల్లగా దున్ని ఉంచమన్నాయి. ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించినవాడే అప్పట్లో ఆదర్శ రైతు. గాలి ముందు ఎత్తుకెళ్లింది అలాంటివాడి పొలాన్నే. గాలికి కదిలిన ఇసుకరేణువు నేలమీద గెంతుతూ పోతుంది, పడ్డ ప్రతిచోటా మరికొన్నింటిని లేపుతుంది. దారిలో మట్టిపెళ్లలో కొయ్యకాళ్లో ఉంటే ఆ గెంతు అక్కడికి ఆగుతుంది. దుమ్ము పొర సిద్ధాంతం సరిగ్గా ఆ అడ్డునే తీసేసింది.

మరి విరుగుడు ఎక్కడ పుట్టింది? కెనడాలోని అల్బెర్టాలో మోనార్క్ దగ్గర, హాలండ్ నుంచి వలస వచ్చిన కూల్ సోదరులు 1910ల చివర్లోనే పొలాన్ని గాలికి అడ్డంగా పట్టీలు చేసి, ఒకటి విత్తి ఒకటి పడావు ఉంచారు. ఆ పద్ధతిని లెత్‌బ్రిడ్జ్ ప్రయోగ కేంద్రం చూసి, మెచ్చి, ఇతరులకు చెప్పింది. అక్కడికి దగ్గరలోనే నోబుల్‌ఫోర్డ్‌లో చార్లెస్ నోబుల్ అనే రైతు ఉండేవాడు. వేల ఎకరాలు చేసి, 1920లలో అప్పుల కింద పోగొట్టుకున్న ఆసామి. 1930ల మధ్యలో అతను చేయించిన పనిముట్టులో వెడల్పాటి ఉక్కు బద్ద కొన్ని అంగుళాల లోతున నేలకు సమాంతరంగా పోతుంది. కలుపు వేళ్లు తెగుతాయి, మట్టి తిరగబడదు, కొయ్యకాలు నిలబడ్డట్టే నిలబడి ఉంటుంది. రాయలసీమలో గుంటక తోలినవాళ్లకు చూడగానే అర్థమయ్యే పని ఇది. ఇంత చెప్పి రైతును ఋషిని చేయబోవడం లేదు. మట్టిని పిండి చేసిన వన్‌వే డిస్క్ నాగలిని రూపొందించిందీ ఒక కాన్సాస్ రైతే, చార్లీ ఏంజెల్. తక్కువ ఖర్చుతో వేగంగా దున్నేది కనుక అది మైదానమంతా పాకింది. తెలివీ పొరపాటూ ఇద్దరి దగ్గరా ఉన్నాయి. అలాంటప్పుడు ఒక పద్ధతి ఎందుకు పాకింది, మరొకటి ఎందుకు మూలపడింది అన్నదానికి జవాబు తెలివిలో వెతికితే దొరకదు.

ధరల్లో వెతికితే దొరుకుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ప్రభుత్వం గోధుమకు బుషెల్‌కు 2 డాలర్లకు పైగా హామీ ఇచ్చింది. గోధుమ మీద ఆశతో అప్పుచేసి భూమి కొన్నారు, ట్రాక్టరు కొన్నారు, కంబైన్ కొన్నారు. 1932 వచ్చేసరికి బుషెల్ ధర 40 సెంట్ల దిగువకు జారింది. కిస్తీ మాత్రం జారలేదు. ధర అయిదో వంతుకు పడితే అదే కిస్తీకి అయిదింతల గింజలు కావాలి. ఆ ఏడు ఇంకో పచ్చిక ముక్క దున్నినవాడు మట్టి పోతుందని తెలియక దున్నలేదు, దున్నకపోతే పొలమే బ్యాంకుకు పోతుందని తెలిసి దున్నాడు. దీనికి కమతం కొలత తోడైంది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చింది, 1909 చట్టం దాన్ని 320 చేసింది. తూర్పున వానలు పడేచోట ఆ కొలత బతుకునిస్తుంది, పడమటి మెట్టలో చాలదు. అంత చిన్న కమతంలో కొంత భాగాన్ని పట్టీలకు వదిలితే ఇల్లు గడవదు. పైగా అతను ఆపిన మట్టి వల్ల ఎక్కువ లాభపడేది గాలి దిగువన ఉన్న పొరుగువాడు. చిన్న కమతాలున్న చోట గాలికోతను అడ్డుకునే పని ఎవరికీ గిట్టుబాటు కాలేదని ఆర్థికవేత్తలు జెయ్‌నెప్ హాన్సెన్, గ్యారీ లిబెకాప్ 2004లో చూపారు.

పాఠమే నేలను కాపాడిందనే వాదానికి అసలు పరీక్ష 1940లలో జరిగింది. అప్పటికి సంరక్షణ సంస్థ ఊరూరా ఉంది, 1937 నమూనా చట్టం పుణ్యమా అని రాష్ట్రాల్లో సంరక్షణ జిల్లాలు ఏర్పడ్డాయి, దుమ్ము తుపాను పగలే చీకటి చేసిన 1935 నాటి ‘నల్లటి ఆదివారం’ అందరికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. అప్పుడే వానలు తిరిగొచ్చాయి, యుద్ధమూ వచ్చింది, 1947లో గోధుమ మళ్లీ 2 డాలర్లు దాటింది. తూర్పు కొలరాడోలో పచ్చిక మళ్లీ తిరగబడింది. విత్తేందుకు ఒకసారి, కోతకు ఒకసారి ఊళ్లోకి దిగే ‘సూట్‌కేస్ రైతులు’ మళ్లీ కనబడ్డారు. 1950లలో కరవు, 1954లో మళ్లీ దుమ్ము. ఈసారి అమెరికా కాంగ్రెస్ పాఠాలతో సరిపెట్టుకోలేదు. 1956లో నేల బ్యాంకు పెట్టింది, మహా మైదానాల సంరక్షణ పథకం పెట్టింది, గడ్డి వేస్తే ఖర్చులో వాటా ఇస్తానని పదేళ్ల దాకా ఒప్పందాలు రాసుకుంది. ఒప్పందం ఉన్నన్నాళ్లూ గడ్డి ఉంది. గడువులు తీరాక 1970ల ఎగుమతుల గిరాకీకి ధర ఎగిసింది, ఆ గడ్డిలో చాలా భాగం దుక్కిలో కలిసింది. 1985లో కొత్త పేరుతో మళ్లీ ఒప్పందాలు. 2007లో ఆ పథకం కింద 3.6 కోట్ల ఎకరాలకు పైగా ఉండేవి. మొక్కజొన్న ధర మండాక, 2010ల నడుమకు అందులో మూడో వంతు జారిపోయింది. తాతకూ మనవడికీ చెప్పిన పాఠం ఒక్కటే, ధర పెరిగినప్పుడల్లా ఇద్దరూ చేసిన పనీ ఒక్కటే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. 1950ల కరవు కొన్నిచోట్ల 1930లంత తీవ్రమైనదే, అయినా విధ్వంసం అంత లేదు కదా, అది సంరక్షణ ఫలితం కాదా అని. కొంతవరకు అవును, నేను కాదనను. ఏ సంరక్షణ ఫలితమన్నది అడగాలి. అన్నిటికన్నా నమ్మకంగా నిలిచింది ప్రభుత్వం డబ్బిచ్చి కొని గడ్డి వేసిన భూమి. దేశమంతా కలిపి 1.1 కోట్ల ఎకరాలకు పైగా కొన్నారు, వాటిలో 38 లక్షల ఎకరాల దాకా 1960లో జాతీయ పచ్చిక భూములయ్యాయి. కాన్సాస్‌లో సిమరాన్, కొలరాడోలో కోమాంచీ అలాంటివే. గాలికి లేస్తున్న పొలంలో గాలికి అడ్డంగా బోదెలు తీసినందుకు ప్రభుత్వం రైతుకు డబ్బిచ్చింది. యజమాని తీయకపోతే కౌంటీ వాళ్లే తీయించి ఖర్చు అతని పన్నులో వేసే అధికారం కాన్సాస్ చట్టం ఇచ్చింది. కమతాలు పెద్దవయ్యాయి, ఎందుకంటే చిన్నవాళ్లు వెళ్లిపోయారు. ఆ వెళ్లిపోయినవాళ్లను విజయగాథలు లెక్కలోకి తీసుకోవు. ఫ్రాంక్ జైబాక్ 1952లో పేటెంటు పొందిన తిరిగే తుంపర యంత్రంతో ఒగల్లాల భూగర్భజలం పైకొచ్చి ఇసుకనేలల్ని పచ్చగా ఉంచింది, ఆ జలం చాలాచోట్ల తిరిగి నిండేది కాదు. ఫొటోలకెక్కిన 22 కోట్ల చెట్ల గాలితెరల్లో కొన్నింటిని తర్వాత ఆ యంత్రాల చక్రాలకు దారి కోసం నరికేశారు కూడా. ఇక నేల కోలుకుందా అంటే, బాగా కోతపడ్డ కౌంటీల్లో భూమి విలువ మిగతాచోట్లతో పోలిస్తే సుమారు 30 శాతం పడిపోయిందనీ, సాగులో మార్పుల వల్ల దీర్ఘకాలంలో తిరిగొచ్చింది ఆ నష్టంలో పాతిక శాతం లోపేననీ ఆర్థికవేత్త రిచర్డ్ హార్న్‌బెక్ 2012లో లెక్కగట్టాడు.

అమెరికా ప్రకృతి రచయిత ఆల్డో లియోపోల్డ్ ఈ విషయాన్ని నాకన్నా ఎంతో ముందు చూశాడు. విస్కాన్సిన్ రైతులు తమకు లాభం కనబడ్డ పద్ధతులనే ఉంచుకుని మిగతావి వదిలేశారని 1949లో వెలువడిన పుస్తకంలో రాశాడు. అయితే అతను తేల్చింది, రైతుకు నేలపట్ల నీతి అలవడాలని. నాకు ఆ ముగింపు న్యాయంగా తోచదు. కిస్తీ బ్యాంకుదీ, ధర షికాగో ధాన్యం బజారుదీ అయినప్పుడు నీతి ఒక్క రైతుదే కావాలనడం ఏం ధర్మం? ఇలాంటిదే మన మెట్ట ప్రాంతాల్లోనూ జరిగింది. శాఖలు వేసిన కాంటూరు గట్లను చాలాచోట్ల రైతులు దున్నేశారు, తమ పొలం హద్దు గట్లను మాత్రం చక్కగా కాపాడుకున్నారు. దానికి కారణం మూర్ఖత్వం కాదని పరిశోధకులు జాన్ కెర్, ఎన్.కె. సంఘీ 1992లో వివరించారు. కాంటూరు గట్టు పొలాన్ని అడ్డదిడ్డంగా కోస్తుంది, ఎడ్లు తిరగలేని మూలలు మిగులుస్తుంది, ఒకరి నీటిని మరొకరి చేలోకి తోస్తుంది. ఆ చిక్కు అక్కడ కాడి పట్టినవాడికి తెలుసు, నక్షా గీసినవాడికి తెలియదు.

కెనడాలో 1935లో వచ్చిన ఒక చట్టం కింద, సాగుకు పనికిరాక వదిలేసిన నేలల్లో ప్రభుత్వం గడ్డి వేయించి, కంచె కట్టి, చుట్టుపక్కల రైతుల పశువుల్ని రుసుము మీద మేపుకోనిచ్చింది. నా ఉద్దేశంలో ఈ మొత్తం చరిత్రలో తెలివైన పని అదే. 2012లో ఫెడరల్ ప్రభుత్వం ఆ ఉమ్మడి బయళ్ల నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించింది, పథకం లక్ష్యం నెరవేరింది కనుక ఇక అక్కర్లేదట. భూమి చేతికొచ్చిన సస్కాచెవాన్ రాష్ట్రం మాత్రం, దాన్ని అమ్మినా దున్నకూడదన్న షరతు పెట్టి అమ్ముతానంది. నేల విలువ అందరికీ తెలిసిపోయిందన్న రోజున ఆ షరతు ఎవరి కోసం?