మాస్టారి అరుగు: గెలిచింది ఎవరు?



కిందటి ఏడు ఒంటిపూట బడులు పెట్టిన రోజుల్లో మా అరుగు మీద ఒక గొప్ప యుద్ధం జరిగింది. ఎండలో తిరగవద్దని పెద్దవాళ్లు కట్టడి చేస్తే, మా వీధి పిల్లలు ఏడెనిమిది మంది చేరి, సుద్దముక్కతో అరుగు నిండా మన సీమ పటం గీశారు. పైన కృష్ణ, కింద గుండ్లకమ్మ, మధ్య కొండవీడు, బెల్లంకొండ, వినుకొండ, అద్దంకి. దక్షిణాన దూరంగా ఉదయగిరి. కోటకొక రాజు. పత్తిగింజలు కాల్బలం, చింతగింజలు గుర్రాలు, ఎండు మిరపకాయలు ఏనుగులు. రాజులు తమ ఆజ్ఞలను చీటీల మీద వ్రాసి ఇస్తే, ఐదవ తరగతి చదివే ఒక అమ్మాయి వాటిని వరుసగా చదివేది. ఆ పిల్ల మా కొలువులో మంత్రి.

రెండు రోజులు ఆట సవ్యంగానే సాగింది. మూడవనాడు విజయనగర రాజు నూరు పత్తిగింజలతో కొండవీటి మీద పడ్డాడు. కోటలో ఉన్నవి నలభై.

"నీ పని అయిపోయింది. కోట దిగు!" అన్నాడు విజయనగర రాజు.

"ఎందుకు దిగాలి? నాది కొండమీది కోట. నీ వాళ్లు ఎక్కివచ్చేలోపల పైనుంచి రాళ్లు దొర్లిస్తాను!" అన్నాడు కొండవీటి రాజు.

"నూరు ఎక్కువా, నలభై ఎక్కువా?"

"గోడ గట్టిదా, గింజ గట్టిదా?"

మాటకు మాట పెరిగింది. చివరకు అందరూ నా వైపు తిరిగి, "మాస్టారూ, మీరు చెప్పండి" అన్నారు. అప్పుడే లోపలినుంచి భోజనానికి పిలుపు వచ్చింది. "నూటికి ఎదురుగా నలభై ఎక్కడ ఆగుతుందిరా? కోట పడింది" అనేసి నేను లేచి లోపలికి వెళ్లాను.

కొండవీటి రాజు ఒక్కమాట అనలేదు. తన గింజలు జేబులో పోసుకొని ఇంటికి పోయాడు. మరునాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

అప్పుడు మా మంత్రిగారు నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, ఆ రోజు ఈ చీటీ నేను చదవకముందే మీరు తీర్పు చెప్పేశారు" అని ఒక కాగితం ముక్క చేతిలో పెట్టింది. అందులో, "కొండమీద చెరువుల్లో నీళ్లున్నాయి. మూడు నెలల తిండి దాచాను. తలుపులు మూశాను" అని ఉంది.

ముప్పయి ఏళ్లకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు నోట మాట రాలేదు. కొండవీటి కొండమీద చెరువులున్నాయని ఆ పిల్లవాడికి చెప్పినది నేనే!

నిజంగా జరిగిన కథ చూడండి. కృష్ణదేవరాయలు 1513 లో గజపతుల ఏలుబడిలో ఉన్న ఉదయగిరిని ముట్టడించాడు. ఆ కోట పడడానికి ఏడాదికి పైగా పట్టింది. తరువాత అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ వంటి కోటలు లొంగాయి. ఆపైన, ఒకప్పుడు రెడ్డిరాజులకు రాజధాని అయిన కొండవీడు. అదీ ఒక్కపూటలో పడలేదు. చుట్టూ ముట్టడి వేసి, చివరకు 1515 లో పట్టుకొన్నారు. గజపతి కుమారుడు వీరభద్రుడు అక్కడ బందీ అయ్యాడు. అంత పెద్ద సైన్యానికి కూడా కొండకోటల దగ్గర కాలం ఖర్చయింది. తలల లెక్క ఒకటి. కొండ, గోడ, నీరు, తిండి, కాలం, వీటి లెక్క వేరు. నేను మొదటి లెక్క ఒక్కటే చేసి జవాబు వ్రాసేశాను. పరీక్షలో ఎవడైనా అలా చేస్తే సున్న వేసేవాణ్ణి.

ఆ సాయంత్రమే వాడి కోసం బయలుదేరాను. ఇంటిల్లిపాదీ మిరపకళ్లంలో ఉన్నారు. వాడు ఎర్రకాయల్లోనుంచి తాలుకాయలు ఏరుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆ ఘాటుకు నాకు ముందు రెండు తుమ్ములు వచ్చాయి. తరువాత, "ఒరేయ్, నా తీర్పు తప్పురా. నీ చీటీ చదవకుండా చెప్పాను. రేపు రా, మళ్లీ చూద్దాం" అన్నాను.

వాడు తల వంచుకొని, "ఓడినందుకు కాదు మాస్టారూ. నేను వ్రాసింది ఎవరూ వినలేదని" అన్నాడు.

పిల్లలూ, పులిజూదంలో ఇటువంటి తగవు రాదు. పులి ఎటు దూకాలో, మేక ఎటు జరగాలో అంతా గీతల్లోనే ఉంది. రాజ్యాల ఆటలో ప్రతి సంగతికీ ముందుగా గీత గీయలేము. అందుకని మధ్యవర్తి కావాలి.

ఈ చిక్కు పెద్ద పెద్ద సేనానులకూ వచ్చింది. ఇప్పటి జర్మనీకి మూలమైన ప్రష్యా రాజ్యంలో రైస్విట్జ్ అనే యువ సైనికాధికారి 1824 లో యుద్ధపు ఆటకు నియమాలు అచ్చు వేయించాడు. అటువంటి ఆటను అంతకుముందే అతని తండ్రి తయారుచేశాడు. కొడుకు దానిని కొలతగా గీసిన పటాల మీదకు తెచ్చాడు. ఒక పక్షానికి ఎర్ర దిమ్మలు, రెండవ పక్షానికి నీలి దిమ్మలు. ఆటగాళ్లు ఆజ్ఞలు వ్రాసి మధ్యవర్తికి ఇవ్వాలి. శత్రుసేన కంటబడేంత వరకు దాని దిమ్మలు పటం మీద పెట్టరు. దెబ్బ ఎంత తగిలిందో పాచికలు వేసి, పట్టికలు చూసి తేల్చేవారు. యుద్ధంలో అదృష్టానికీ కొంత చోటుంది గదా!

పోనుపోను నియమాలు పెరిగి ఆట నత్తనడక అయింది. 1876 లో వెర్దీ దు వెర్నువా అనే సేనాని, పాచికలూ పట్టికలూ పక్కన పెట్టి, అనుభవం గల మధ్యవర్తి తన తెలివితో తీర్పు చెబితే చాలునన్నాడు. ఆట వేగం పుంజుకొంది. కాని బరువంతా ఒక్కడి నెత్తిన పడింది. అతడు నాలాగా తొందరపడితే? లేక అతని తీర్పును పై అధికారి మార్చేస్తే?

మార్చిన సంగతి ఒకటి చెబుతాను. 1942 మే నెలలో జపాను నావికాదళం వారు మిడ్వే దీవి మీదకు వెళ్లబోయే ముందు, ఆ దండయాత్రను బల్లమీద ఆడి చూశారు. ఆటలో శత్రువిమానాలు వచ్చి బాంబులు వేశాయి. మధ్యవర్తి పాచికలు వేసి, తొమ్మిది దెబ్బలు తగిలాయనీ, అకాగి, కాగా అనే రెండు విమానవాహక నౌకలు మునిగాయనీ తేల్చాడు. ఆటను నడుపుతున్న ఉగాకి అనే పెద్ద అధికారి ఒప్పుకోలేదు. తొమ్మిది కాదు, మూడే అన్నాడు. దానితో అకాగి బతికింది. మునిగిన కాగా సైతం ఆట తరువాతి భాగంలో పైకి తేలింది! ఈ సంగతి ఆ దళపు అధికారులే యుద్ధం ముగిశాక తమ పుస్తకంలో వ్రాశారు. జూన్ 4 న నిజమైన యుద్ధం వచ్చింది. ఆ యుద్ధంలో అకాగి, కాగా, సోర్యు, హిర్యు నాలుగూ మునిగాయి. వాటిని పైకి తేల్చడం ఏ అధికారి తరమూ కాలేదు. తీర్పు మార్చినందువల్లనే వాళ్లు ఓడారని నేననను. కాని ఆట ముందుగా చేసిన హెచ్చరికను వాళ్లు చేజేతులా చెరిపేసుకొన్నారు.

ఇక మా అరుగు మీదకు వద్దాం. మరునాడు కొండవీటి రాజు వచ్చాడు. చీటీలన్నీ బిగ్గరగా చదివించాను. కొండవీటివారికి మూడు నెలల తిండి ఉంది. విజయనగర రాజు చీటీలో తిండి మాటే లేదు! ఎత్తుకు ఒక నెల అని లెక్క పెట్టాం. మొదటి నెల ఆయన గోడ ఎక్కబోయి ఇరవై గింజలు పోగొట్టుకొన్నాడు. రెండవ, మూడవ నెలలు ధాన్యం బండ్లు తెప్పించుకోవడానికే సరిపోయాయి. ఈలోగా దారులు మూసుకుపోయి కోటలో తిండి నిండుకొంది. నాలుగవ నెల గవ్వలు వేశాం. కోట పడింది.

అవును, రెండవసారి కూడా ఓడినది కొండవీటి రాజే! కాని వాడు, "నాలుగు నెలలు నిలిచాను!" అంటూ అరుగు మీదనుంచి గంతు వేశాడు.

ఆ రోజు మా మంత్రిగారు అరుగు గోడమీద సుద్దతో నియమాలు వ్రాసింది. చీటీలన్నీ చదివాకే తీర్పు చెప్పాలి. తీర్పుతోపాటు కారణం చెప్పాలి. ఓడినవాడు ఒక ప్రశ్న అడగవచ్చు. తప్పని తేలితే మధ్యవర్తి ఒప్పుకోవాలి. గట్టిగా అరిచారని మాత్రం తీర్పు మార్చరాదు.

నేను ఇంకొకటి చేర్చాను: గెలిచినవాడు కూడా మాటకు కట్టుబడాలి. మన పలనాటి వీరుల కథలో కోడిపందెం ఓడిన మలిదేవుని పక్షం మాట ప్రకారం ఏడేళ్లు వలసపోయింది. గడువు తీరి తిరిగివస్తే నలగామరాజు పక్షం రాజ్యభాగం ఇవ్వలేదు. ఆ తగవు చివరకు కారంపూడి రణరంగానికి చేరింది. ఏటా కార్తీకంలో అక్కడ జరిగే వీరుల ఉత్సవాల్లో ఒక రోజుకు కోడిపోరు అనే పేరు.

ఇప్పుడు మీకొక పని. వరదలో ఉన్న ఏటికి ఒక ఒడ్డున అరవైమంది, రెండవ ఒడ్డున ముప్పయిమంది ఉన్నారు. అరవైమంది ఏరు దాటాలి. గెలుపెవరిదో అప్పుడే చెప్పకండి. చెప్పేముందు మధ్యవర్తి ఏమేమి అడగాలో పది ప్రశ్నలు వ్రాయండి. మా మంత్రిగారు పన్నెండు వ్రాసింది.