జప్తయిన సొమ్ము ఎవరి ఖాతాలోకి?

సోలార్ ప్లాంటు కడతానని ప్రభుత్వ వేలంలో నెగ్గిన కంపెనీ ముందుగా బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. గడువులోగా కట్టకపోతే ఆ సొమ్ము జప్తవుతుంది. ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. ఆ తర్వాత ఆ డబ్బు ఎక్కడికి పోతుందని మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. అడగాలని నా వాదన.

ముందు మన దేశం సంగతి చూద్దాం. జాతీయ సోలార్ మిషన్ రెండో దశలో కేంద్ర సంస్థ సెకీ నడిపిన పథకాల మార్గదర్శకాల్లో దీనికి జవాబు రాసిపెట్టారు. జప్తయిన గ్యారంటీల సొమ్ము చెల్లింపుల భద్రతా నిధిలో జమవుతుంది. డిస్కంలు బిల్లులు ఆలస్యం చేస్తే, కట్టిన ప్లాంట్లని ఆ నిధి ఆదుకుంటుంది. దాని అవసరం ఆంధ్రా వాళ్ళకి వేరే చెప్పాలా! 2019లో రాష్ట్ర ప్రభుత్వం పవన, సౌర విద్యుత్ ఒప్పందాల రేట్లని తిరగదోడింది. ఒప్పుకున్న రేటుకే బకాయిలు చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తీర్పిచ్చేదాకా ఉత్పత్తిదారులకి ఎదురుచూపులే. అవి రాష్ట్ర ఒప్పందాలు, ఈ నిధి కిందికి రావు. కానీ అలాంటి నిధి ఎందుకుండాలో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక నేనుండే నాటింగ్‌హామ్. ఇక్కడి కథ రద్దయిన ప్రాజెక్టుది కాదు గానీ, దానికి దగ్గరి చుట్టమే. 2002లో వచ్చిన నిబంధన ప్రకారం బ్రిటన్‌లో కరెంటు అమ్మే కంపెనీలు తగినన్ని పునరుత్పాదక సర్టిఫికెట్లు చూపాలి, లేదా డబ్బు కట్టాలి. ఆ డబ్బు, నిర్వహణ ఖర్చులు పోను, సర్టిఫికెట్లు చూపిన కంపెనీలకే దామాషాలో పంచుతారు. మా సిటీ కౌన్సిల్ 2015లో పెట్టిన రాబిన్ హుడ్ ఎనర్జీ 2019లో ఈ బాకీ సకాలంలో కట్టలేదు. సుమారు 94 లక్షల పౌండ్లు కట్టమని నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ఆదేశిస్తే, కౌన్సిలే అప్పిచ్చి గట్టెక్కించింది. 2020లో కంపెనీ దుకాణం కట్టేసింది. కౌన్సిల్‌కి నష్టం సుమారు 3.8 కోట్ల పౌండ్లు. పేదల కరెంటు బిల్లులు తగ్గిస్తానన్న కంపెనీ కట్టిన సొమ్ము చివరికి తోటి కంపెనీలకి చేరింది!

మరి ఖజానాలో కలిపేస్తే మేలా? కాదు. రద్దయిన ప్రాజెక్టు ప్రభుత్వానికి ఆదాయమైతే, ప్రాజెక్టులు పూర్తి చేయించాలన్న పట్టుదల ఎవరికుంటుంది? మన బొగ్గు సుంకమే చూడండి. 2010లో టన్నుకి 50 రూపాయలతో, స్వచ్ఛ ఇంధనం కోసమని మొదలైంది. 2016కల్లా 400 అయింది. 2017లో జీఎస్టీ రాగానే అదే 400 రాష్ట్రాల నష్టపరిహారానికి మళ్ళింది.

దారి లేకపోలేదు. ఇదే నాటింగ్‌హామ్‌లో 2012 నుంచి ఆఫీసు పార్కింగ్ మీద యాజమాన్యాల దగ్గర పన్ను వసూలు చేస్తున్నారు. ఆ డబ్బు రవాణాకే వాడాలని చట్టం. ట్రామ్ కొత్త లైన్లకి అది తోడ్పడింది.

జప్తు సొమ్ముకీ అదే నియమం పెట్టాలి. ఆగిపోయిన మెగావాట్ల స్థానంలో కొత్తవి రావడానికే ఖర్చు కావాలి. ఎంత వచ్చిందో, దేనికి పోయిందో ఏటా వెబ్‌సైట్లో పెట్టాలి. మనం రాసే ప్రోగ్రాములో ప్రతి లావాదేవీకీ లాగ్ ఉండాలని పట్టుబడతాం కదా, ప్రజల డబ్బుకి ఆపాటి లెక్క అడగడం తప్పా?