చిన్న బాత్ అంటున్నారు సరే, ఏ తరాజులో తూచారు?

పోయిన రంజాన్‌కు ముందు ఒక ఆదివారం ఆళ్లగడ్డలో మా దూరపు రిష్తాదారుల ఇంట్లో పంచాయతీ కూర్చుంది. "పేపరాయన, నాలుగు విషయాలు తెలిసినవాడు" అని నంద్యాల నుంచి నన్నూ పిలిపించారు. మగవాళ్లం ఏడుగురం వసారాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. అమ్మాయి, ఆమె అమ్మీ లోపల పర్దా వెనక ఉన్నారు. విషయం మీ ఇళ్లలో తెలియనిదేం కాదు. నికా నాడు ఒప్పుకున్న జోడే కీ రఖమ్‌లో కొంత బాకీ పడింది. సస్రాల్ వాళ్లు దాన్ని రోజూ గుర్తు చేస్తూ వచ్చారు. ఒకరోజు దూల్హా మియా చెయ్యి చేసుకున్నాడు. అమ్మాయి బట్టల సంచితో పుట్టింటికి వచ్చేసింది.

బుజుర్గులు తలా ఒక మాట అన్నాక నా వంతు వచ్చింది. నేను అన్నది ఇదీ: "బేటీ, రాయీ కా పహాడ్ నక్కో బనావ్. ఛోటీ బాత్ హై. సబర్ కరో."

కాసేపు నిశ్శబ్దం. తర్వాత పర్దా వెనక నుంచి మెల్లగా జవాబు వచ్చింది. "మామూ, మై ఆధీచ్ బోలీ."

నేను చెప్పింది సగమే మామూ, అంది ఆ పిల్ల. ఏడుగురు పరాయి మగవాళ్ల ముందు షరమ్ కొద్దీ సగం మింగి, మిగిలిన సగం చెప్పింది. ఆ సగాన్నే నేను కొండంత చేశావని తప్పుపట్టాను. ఆళ్లగడ్డలో బస్సెక్కి శిరివెళ్ల దాటి నంద్యాలలో దిగేదాకా ఆ ఒక్క మాటే నా చెవిలో ఉంది. ఈ మజ్మూన్ ఆ రోజే రాయాల్సింది. ఇన్నాళ్లు సిగ్గుపడి ఆగాను.

నాది మాటల రోజీ. ఉర్దూ మీడియంలో చదివాను, తెలుగులో డిగ్రీ చేశాను, ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను. అందుకని నేను అన్న ఆ జుమ్లానే ముందు పట్టుకుంటాను. ఉర్దూలో రాయీ కా పహాడ్, బాత్ కా బతంగడ్. తెలుగులో గోరంతలు కొండంతలు చేయడం, భూతద్దంలో చూపించడం. ఇంగ్లిష్‌లో ఒక చిన్న జీవి తవ్విన మట్టికుప్పను పర్వతం చేయడం. రష్యా వాళ్లు ఈగను ఏనుగు చేయడం అంటారట. "టీ కప్పులో తుఫాను" మన పేపర్ల హెడ్డింగుల్లో పాతబడిపోయింది. ఇప్పుడు ప్రెస్ మీట్లలో కొత్త మోజు "అవుట్ ఆఫ్ ప్రపోర్షన్". దామాషా తప్పింది, కొలత మించింది అని అర్థం.

ఇది జుమ్లాల్లో ఎలా వాడతారో చూడండి. "చిన్న ఘటనను అవుట్ ఆఫ్ ప్రపోర్షన్ చేశారు." "కావాలనే కొండంతలు చేస్తున్నారు." "మీడియా భూతద్దంలో చూపిస్తోంది." "మీరు మరీ ఎక్కువ చేస్తున్నారు." ఇన్నేళ్లలో ఇలాంటి వాక్యాలు కొన్ని వందలు రాసుకుని ఉంటాను. బళ్లో మా ఉస్తాద్ జుమ్లా ఇస్తే ఫేల్, ఫాయిల్, మఫ్ఊల్ విడదీయమనేవారు. తెలుగు మాస్టారు క్రియ, కర్త, కర్మ అడిగేవారు. ఈ వాక్యాలను అలా విడదీస్తే రెండు సంగతులు బయటపడతాయి.

ఒకటి, ఈ జుమ్లాలో ఫాయిల్ ఎప్పుడూ ఎదుటివాడే. "నేను గోరంతను కొండంత చేశాను" అని ఎవరైనా అనగా విన్నారా? నేను వినలేదు. కొన్నిసార్లు ఫాయిల్ ఉండనే ఉండడు, "పెద్దది చేయబడింది" అని వదిలేస్తారు. రెండోది, దీంట్లో అసలు కొలత ఉండదు. కొలత మించింది అంటున్నారు కదా, అసలు కొలత ఎంత? ఎంత ఉండాల్సింది ఎంతకు పోయింది? ఆ ముక్క చెప్పరు. తూకం వేయకుండానే బరువు ఎక్కువైందని తీర్పు చెప్పే జుమ్లా ఇది. అనేది ఎవరు? కొట్టిన చెయ్యి వైపువాళ్లు. లేదంటే నాలాగా, దెబ్బ తగలని చోట కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్లు.

మన నంద్యాలలోనే ఈ మాట ఎంత దూరం పోయిందో గుర్తు చేసుకుందాం. 2020 నవంబర్ 3న మన ఊరి ఆటో డ్రైవర్ ఒకాయన, ఆయన భార్య, కొడుకు, కూతురు, నలుగురూ పాణ్యం మండలంలోని కౌలూరు దగ్గర ప్రాణాలు తీసుకున్నారు. దొంగతనం కేసు పేరుతో పోలీసులు పెట్టిన వేధింపులు తట్టుకోలేకపోతున్నామని వాళ్లు చెప్పుకున్న వీడియో తర్వాత బయటికొచ్చింది. ఆ కుటుంబం పేరు మళ్లీ ఇక్కడ రాయను, మీకందరికీ తెలుసు. ఒక సీఐ, ఒక హెడ్ కానిస్టేబుల్ అరెస్టయ్యారు, బెయిల్ త్వరగానే వచ్చింది. ఆ వారమే చాయ్ బండి దగ్గర నా పక్కనున్న పెద్దమనిషి గ్లాసు ఊదుకుంటూ అన్నాడు, "పాపమే గానీ, రాజకీయం కోసం మరీ పెద్దది చేస్తన్నారు సాయిబూ."

రాజకీయం వచ్చిన మాట నిజం. అన్ని పార్టీల జెండాలూ వచ్చాయి. కానీ జెండాలు వచ్చినంత మాత్రాన నాలుగు జనాజాలు మూడు అయ్యాయా? ఒక ఇంట్లో నలుగురు లేకుండా పోయాక దానికంటే పెద్దది ఇంకేం చేస్తారు? ఆ కొండ ఎంత పెద్దదో ఆ వీడియో రికార్డు చేసుకున్న రోజున ఆ ఇంటివాళ్లకే తెలుసు. వాళ్లు బతికుండగా వచ్చి చెప్పుకుని ఉంటే మనలో ఎంతమందిమి కూర్చోబెట్టి విని ఉండేవాళ్లం? ఎంతమందిమి "స్టేషన్ గొడవలు మామూలే భాయ్, బడా నక్కో కరో" అని పంపేసి ఉండేవాళ్లం? నేను నా జవాబు చెప్పుకున్నాను. మీ జవాబు మీరు చెప్పుకోండి. (ఇది చదివేవాళ్లలో ఎవరైనా అలాంటి అంధేరాలో ఉంటే దయచేసి ఒక్కరికైనా చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. మీ బాధ చిన్నది కాదు, మీ జాన్ అంతకంటే చిన్నది కాదు.)

ఇక్కడ ఒక సవాల్ వస్తుంది. "అయితే జనం అసలు ఎక్కువ చేసి చెప్పరా?" అని. చెప్తారు. ఖౌమ్ మీద మొహబ్బత్‌తో అబద్ధం చెప్పలేను. వాట్సాప్‌లో ఏదో ఊరి పాత వీడియోను మన ఊరిదని తిప్పేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఉర్దూ శాయరీలో ముబాలగాకు మూడు దర్జాలు చెప్తారు. అఖల్‌కూ ఆదత్‌కూ పట్టేది తబ్లీగ్. అఖల్‌కు పట్టినా లోకంలో జరగనిది ఇగ్రాఖ్. రెండింటికీ పట్టనిది గులువ్. తెలుగులో అతిశయోక్తి ఒక అలంకారం. శాయరీకి అది అందం, ఫిర్యాదుకు అది మచ్చ. ఒప్పుకుంటాను. కానీ ముబాలగాకు మందు ఏమిటి? తారీఖు, జగా, ఎవరు, ఎంత. అడగండి, రాసుకోండి, సరిచూడండి. పది తేలితే పది అనండి, రెండే తేలితే రెండు అనండి. ఏమీ అడక్కుండా "ఎక్కువ చేస్తున్నావ్" అనడం తహఖీఖ్ కాదు. అది నోరు నొక్కడం.

కొలత ఎలా వేయాలో ఆళ్లగడ్డలోనే ఉంది చూడండి. ఊళ్లో రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు మీరూ చూసి ఉంటారు. రాతి పొడి లేస్తూనే ఉంటుంది. మన అఖీదా వేరు, వాళ్ల పని వేరు. కొలత నేర్చుకోవడానికి మాత్రం మజ్హబ్ అడ్డం కాదు. వాళ్ల శాస్త్రంలో తాళం అని ఒక కొలత ఉంది. తాళం అంటే ముఖం పొడవు. దాన్ని 12 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక అంగుళం, మన టేపు మీది అంగుళం కాదు. నవతాళం అంటే తొమ్మిది ముఖాల ఎత్తు, అంటే 108 అంగుళాలు. బొమ్మ జానెడున్నా, నిలువెత్తున్నా ఇదే లెక్క. ఇందులో ముఖ్యం ఏమంటే, ఆ ముఖం శిల్పిది కాదు, చెక్కించుకునే షావుకారుదీ కాదు. ఏ బొమ్మను చెక్కుతున్నారో ఆ బొమ్మ ముఖమే దానికి కొలత. దామాషా అంటే అదీ. రెండు వేలు నాకు ఒక హోటల్ దావత్, ఒక బీడీలు చుట్టే ఆపాకు ఇంటి కిరాయి. ఒక చెంపదెబ్బ కొట్టినవాడికి నిమిషం, తిన్నదానికి ప్రతి రాత్రీ. బాత్ ఎవరి మీద పడిందో వాళ్ల ముఖంతో కొలవాలి.

మన ఖౌమ్ సంగతిలో ఈ జుమ్లా ఎలా తిరుగుతుందో చూడండి. "ముస్లింలకు దామాషాకు మించి ఇస్తున్నారు" అని మైకులో వినిపిస్తుంది. లెక్క చెప్పమంటే మైకు ఆగిపోతుంది. లెక్క ఉంది. 2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్ట్ ప్రకారం, 2001 జనాభా లెక్కల్లో దేశంలో ముస్లింలు 13.4 శాతం. ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. దామాషా తప్పడం అంటే ఇదీ. ఇది చెప్తే మనం కొండంతలు చేస్తున్నట్టట.

ఇంతవరకు చదివి తల ఊపినవాళ్లు ఇక్కడ ఆగండి. బయటివాళ్లు మనకు చేసేది మనం ఇంట్లో ఎవరికి చేస్తున్నాం?

2019లో తలాఖ్ మీద చట్టం వచ్చినప్పుడు మనం జలూసులు తీశాం, బయాన్లు ఇచ్చాం. సరే. జోడే కీ రఖమ్ మీద ఎన్ని జలూసులు తీశాం? ఈద్ కా చాంద్ ఒకరోజు ముందా వెనకా అని రెండు మస్జిద్‌లు మాట్లాడుకోవడం మానేస్తాయి. షాదీ కార్డులో చిచ్చా పేరు పడలేదని రిష్తాలు తెగుతాయి. బిర్యానీలో బోటీ తగ్గిందని మూడేళ్లు చెప్పుకుంటాం. ఇవన్నీ మనకు బడీ బాత్‌లు. ఆడపిల్ల టెన్త్ తర్వాత చదువు మానేయడం, మెహర్ కాగితం మీదే ఉండిపోవడం, జహేజ్ కోసం అబ్బా ఆటో అమ్ముకోవడం మాత్రం ఛోటీ బాత్‌లు. రాయీని పహాడ్ చేయడం మనకు బాగా తెలుసు. పహాడ్‌ను రాయీ చేయడం ఇంకా బాగా తెలుసు. దీనికి ఏ జుబాన్‌లోనూ అంత వాడుకలో ఉన్న ముహావరా నాకు కనపడలేదు. ఎందుకంటే దాన్ని చేసేవాళ్ల చేతిలోనే మాటలు ఉంటాయి.

నంద్యాల రైతును అడగండి, తరుగు అంటే ఏమిటో చెప్తాడు. వడ్లు పోసినప్పుడు తేమ అనో మట్టి అనో బస్తాకు ఇంత అని కోసేస్తారు. అమ్ముకునేవాడి కష్టం పూర్తి బరువు, లెక్కలోకి వచ్చేది తక్కువ బరువు. ఖురాన్‌లో 83వ సూరా ఈ పని చేసేవాళ్ల పేరుతోనే ఉంది, ముతఫ్ఫిఫీన్. తమకు రావాల్సింది నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్ల మీద వచ్చిన సూరా అది. బయాన్లలో దీన్ని దుకాణదారులకు చెప్తాం. దుకాణంలో ఉన్న తరాజు ఒక్కటే తరాజా? మన దుఃఖానికి నిండు కొలత అడిగి, మన బేటీల దుఃఖంలో తరుగు తీస్తే అది ఏ ఖాతాలోకి వస్తుంది? నేను ఆలిమ్‌ను కాదు. ఫత్వా ఇవ్వడం లేదు, సవాల్ అడుగుతున్నాను.

కాబట్టి నా అర్జీ ఇదీ. మస్జిద్ కమిటీలో గానీ ఇంటి పంచాయతీలో గానీ "ఛోటీ బాత్" అనే మాటను విన్నవెంటనే ఆపండి. అన్నవాణ్ణి అడగండి: ఏం జరిగిందో పూర్తిగా విన్నావా? ఏ తారీఖున, ఎన్నిసార్లు, రాసుకున్నావా? ఇదే నీ సొంత బేటీకి జరిగితే దీనికి ఏ సైజు చెప్తావు? మూడింటికీ జవాబు లేకపోతే ఆ మాట వాపస్ తీసుకోమనండి. ఆడవాళ్ల విషయం తేల్చే చోట ఆడవాళ్లను కూర్చోబెట్టండి, సగం మింగాల్సిన అవసరం లేకుండా. జోడే కీ రఖమ్ పేరు మార్చినా వరకట్నమే. 1961 నుంచి ఈ దేశంలో అది తీసుకోవడం నేరం, ఇవ్వడం నేరం. కొట్టడం, వేధించడం భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. సుల్హ్ మంచిదే, కానీ ఒకవైపే సర్దుకుంటే దాన్ని సుల్హ్ అనరు.

ఆ పిల్ల సంగతి అడుగుతారు కదా. తర్వాతి వారం మళ్లీ వెళ్లాను. ఈసారి నా బీవీని వెంట తీసుకెళ్లాను. ఆమె లోపలికెళ్లి రెండు గంటలు కూర్చుంది. బయటికొచ్చి నాతో ఏమీ చెప్పలేదు, దారిలో బస్సులోనూ చెప్పలేదు. ఇంటికొచ్చి నమాజ్ చదివాక ఒక్క మాటంది: "సగం కాదు జీ, పావు కూడా చెప్పలేదు."

రఖమ్ బాకీ ఇవ్వనక్కర్లేదని, అమ్మాయి తన ఇష్టం వచ్చినప్పుడే వెళ్తుందని, అప్పటిదాకా ఖర్చు అబ్బాయే ఇవ్వాలని ఇప్పుడు కాగితం రాసుకున్నాం. ఆమె ఇంకా వెళ్లలేదు. ఊళ్లో కొందరు ఇప్పటికీ అంటున్నారు, పేపరాయన వచ్చి ఛోటీ బాత్‌ను పెద్దది చేశాడని. అననివ్వండి. ఆ జుమ్లాలో ఫాయిల్‌గా మొదటిసారి నా పేరు పడింది. నాకు ఖబూల్ హై.