ఒకటి నొక్కితే ఇంకోటి పోవాలి

ఇవాళ పొద్దున్నుంచి మీ ఫోన్‌లో ఎన్ని రేడియో బటన్లు నొక్కారో చెప్పగలరా? ఎవరూ చెప్పలేరు లెండి. బిర్యానీ ఆర్డర్‌లో 'హాఫ్', 'ఫుల్' పక్కన గుండ్రం. డబ్బులు కట్టే దగ్గర 'యూపీఐ', 'కార్డు', 'క్యాష్ ఆన్ డెలివరీ' పక్కన గుండ్రం. రైలు టికెట్ దగ్గర 'ఇన్సూరెన్స్ కావాలి', 'వద్దు' పక్కన గుండ్రం. ఖాళీ గుండ్రం మీద వేలు పెడితే లోపల చుక్క పడుతుంది. పక్కదాని మీద పెడితే మొదటి చుక్క మాయమైపోతుంది. దాన్నే రేడియో బటన్ అంటాం.

ఇంత చిన్న చుక్కకి ఒక వారం కాలమా అనకండి. ఈ చుక్క ఒకటి తక్కువైందని మన దేశంలో జనం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. మన హైకోర్టు దాకా కూడా వెళ్లారు. అక్కడికి వస్తాను. ముందు పేరు సంగతి.

రేడియోకీ దీనికీ ఏం సంబంధం? పాతకాలం కారు రేడియోలకి వరసగా నాలుగైదు బటన్లుండేవి. ఒక్కో బటన్‌కి ఒక్కో స్టేషన్. ఒకటి లోపలికి నొక్కితే అంతకుముందు నొక్కింది టక్కున పైకి లేచేది. రెండు స్టేషన్లు ఒకేసారి వినలేం కదా! అలాంటి రేడియో మీరు చూసుండరు. కానీ ఇంట్లో పాత పెడెస్టల్ ఫ్యాన్ ఉంటే దాని బటన్లు చూడండి. రెండు నొక్కగానే మూడు లేస్తుంది, సున్నా నొక్కితే అన్నీ లేస్తాయి. ఆ 'టక్'నే స్క్రీన్ మీదికి తెచ్చారు. 1984లో వచ్చిన మెకింటోష్‌లో ఉంది, 1995 నాటి హెచ్‌టీఎంఎల్ 2.0లో ఉంది, ఇప్పుడు మీ జేబులోనూ ఉంది.

ఇక తయారీ. నేను సంగీత్ చౌరస్తా దగ్గర ఒక ఆఫీసులో ఫ్రంట్ ఎండ్ పని చేస్తుంటాను. అంటే రోజంతా ఫారాలు గీయడమే. మొన్న మా దగ్గర ఇంటర్న్‌గా చేరిన ఒక తమ్ముడు, పార్క్‌లేన్‌లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనుక్కుని మరీ వచ్చాడు, మూడో రోజే నా సీటు దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, 'అవును' నొక్కిన, 'కాదు' నొక్కిన. రెండిట్లా చుక్క వడుతుంది. ఒకటి నొక్కితే ఇంకోటి పోతలేదు."

చూడకుండానే చెప్పొచ్చు. రెండు బటన్లకీ వేరువేరు 'నేమ్' ఇచ్చాడు. బ్రౌజర్‌కి తెలిసింది ఒక్కటే లెక్క. ఒకే నేమ్ ఉన్న రేడియో బటన్లన్నీ ఒక ఇంటివాళ్లు, వాళ్లలో ఒక్కరికే చుక్క. ఇంటిపేరు వేరైతే ఎవరి చుక్క వాళ్లదే. నేమ్ ఒకటే ఉండాలి, 'వాల్యూ' మాత్రం దేనికది వేరుగా ఉండాలి. వాల్యూ ఇవ్వడం మర్చిపోతే ఇంకో తమాషా. ఏ బటన్ నొక్కినా సర్వర్‌కి 'ఆన్' అనే మాట ఒక్కటే వెళ్తుంది. ఏది ఆనో దేవుడికెరుక.

వేరే చోట్ల పేర్లు మారతాయి, సూత్రం మారదు. జావా స్వింగ్‌లో బటన్లన్నిటినీ 'బటన్‌గ్రూప్'లో చేర్చాలి. పైథాన్ టికింటర్‌లో అన్నిటికీ ఒకే వేరియబుల్ కట్టాలి. ఆ వేరియబుల్ ఖాళీ స్ట్రింగ్‌తో మొదలైతే ఒక్కోసారి అన్ని బటన్లూ సగం నొక్కినట్టు మసగ్గా కనిపిస్తాయి. భయపడకండి, మొదట్లో ఒక విలువ పెడితే సర్దుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో 'రేడియోగ్రూప్' లోపల బటన్లు నేరుగా ఉండాలి. అందంగా ఉంటుందని మధ్యలో ఇంకో లేఅవుట్ దూర్చారో, గ్రూప్ వాటిని గుర్తుపట్టదు. మళ్లీ మా తమ్ముడి కథే.

ఇంకొక్కటి, ఫోన్‌వాళ్లకి ముఖ్యమైంది. గుండ్రం పక్కన రాసిన మాటని 'లేబుల్'తో ఆ గుండ్రానికి ముడివేయాలి. అప్పుడు మాట మీద నొక్కినా చుక్క పడుతుంది. ముడివేయకపోతే ఆ ఆవగింజంత గుండ్రాన్నే గురిచూసి కొట్టాలి. కదిలే బస్సులో, ఒంటిచేత్తో! చూపు లేనివాళ్లకి స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది కూడా ఆ లేబుల్‌నే. అది లేకపోతే వాళ్లకి 'రేడియో బటన్, రేడియో బటన్' అని మాత్రమే వినిపిస్తుంది.

తయారీ అంతే, పావుగంట పని. అసలు కష్టం ఆ గుండ్రాల పక్కన ఏం రాయాలన్న దగ్గర మొదలవుతుంది. తెలుగులో అయితే మరీను.

ఇంగ్లీషులో 'యెస్', 'నో' ఒక్క జత చాలు, ఏ ప్రశ్నకైనా అతుకుతుంది. మన భాష అలా కాదు. "ఇది మీ ఇల్లేనా?" అంటే అవును, కాదు. "షుగర్ ఉందా?" అంటే ఉంది, లేదు. "టీ కావాలా?" అంటే కావాలి, వద్దు. "అన్నం తిన్నావా?" అంటే తిన్నా, తినలేదు. ప్రశ్నలో ఏ క్రియ ఉంటే జవాబులో అదే తిరిగి వస్తుంది. ఇంగ్లీషు ఫారం తెచ్చి గుడ్డిగా తెలుగు చేసేవాళ్లు ప్రతి ప్రశ్న కిందా 'అవును', 'కాదు' అతికించి పోతారు. "మీకు బీపీ ఉందా? కాదు." ఇలా ఎవరైనా మాట్లాడతారా?

నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ ఆమధ్య మా పెద్దమ్మని సికింద్రాబాద్‌లోనే ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాను. అడ్మిషన్ కౌంటర్‌లో ట్యాబ్ చేతికిచ్చారు, నింపమని. తెలుగు ఎంచుకున్నాను. వరసగా అవును, కాదు, అవును, కాదు. మధ్యలో ఒక ప్రశ్న: "మీకు పెన్సిలిన్ మందులు పడవా?" కింద రెండు గుండ్రాలు. 'అవును', 'కాదు'.

పెద్దమ్మని అడిగాను. "పడదు బిడ్డా. ఒకసారి సూదేస్తే ఒళ్లంతా దద్దుర్లు లేశినయ్" అంది.

ఇప్పుడు నేనేం నొక్కాలి? తెలుగులో "పడవా?" అంటే "అవును, పడవు" అంటాం. ఎదుటివాళ్లు అన్న మాటతో ఒప్పుకుంటే అది అవును. అదే ఇంగ్లీషులో "డజంట్ ఇట్ సూట్ యూ?" అంటే "నో" అంటారు. ఈ ఫారం ఇంగ్లీషులో ఎలా పుట్టిందో నాకేం తెలుసు? నేను 'అవును' నొక్కితే లోపల కూర్చున్న డాక్టర్ స్క్రీన్ మీద 'అలర్జీ ఉంది' అని పడుతుందా, 'పెన్సిలిన్ పడుతుంది' అని పడుతుందా? రెండూ సాధ్యమే. నేను నొక్కలేదు. కౌంటర్‌లో అమ్మాయిని పిలిచి, పేపర్ మీద 'పెన్సిలిన్ పడదు, దద్దుర్లు వచ్చాయి' అని రాయించి, ఫైలుకి పిన్ను కొట్టించాను. ఆ అమ్మాయి విసుక్కోలేదు. "అందరూ ఇక్కడే ఆగుతున్నరు మేడమ్" అంది.

అదే గుండ్రాల పక్కన 'పెన్సిలిన్ పడదు', 'పడుతుంది', 'తెలీదు' అని రాసుంటే సమస్యే లేదు. జవాబు తన కాళ్ల మీద తను నిలబడాలి, ప్రశ్న చదవకపోయినా అర్థం కావాలి. మూడోది, 'తెలీదు', వదిలేయకండి. జీవితంలో ఒక్కసారీ పెన్సిలిన్ తీసుకోని మనిషి మిగతా రెండిట్లో ఏది నొక్కినా అబద్ధమే అవుతుంది.

రేడియో బటన్‌కి ఒక మొండితనం ఉంది. ఒకసారి చుక్క పడ్డాక ఇంకోదానికి మార్చగలం కానీ మళ్లీ ఖాళీ చేయలేం. చెక్‌బాక్స్ అలా కాదు, టిక్కు పెట్టొచ్చు, తీయొచ్చు. అందుకే రేడియో వరసలో ఉన్నవాటిలో ఏదీ మనది కాకపోతే ఇరుక్కుపోతాం.

అచ్చంగా ఇలాగే ఇరుక్కున్నది మన ఓటరు. ఈవీఎం కంటే పెద్ద రేడియో గ్రూప్ దేశంలో ఇంకోటి లేదని నా లెక్క. సికింద్రాబాద్‌లో బస్సెక్కితే ఈసీఐఎల్ చౌరస్తాలో దిగుతాం చూడండి, ఆ ఈసీఐఎల్, బెంగళూరు బెల్ కలిసి దేశమంతటికీ ఈ యంత్రాలు చేసిపెడతాయి. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కి పదహారు బటన్లు. ఎన్ని యూనిట్లు తగిలించినా అంతా ఒకే గ్రూప్, ఒక్కటే నొక్కాలి. తేడా ఒక్కటే. ఇక్కడ నొక్కడమే సబ్మిట్, మనసు మార్చుకునే వీల్లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ పసుపు రైతులు బోర్డు కావాలి, మద్దతు ధర కావాలి అంటూ మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది పోటీ. ఒక్కో బూత్‌లో 12 యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. ఒకే ప్రశ్నకి 186 రేడియో బటన్లు! మామూలు ఫారంలో ఐదారు దాటితేనే డ్రాప్‌డౌన్ పెట్టమని మేం గోల చేస్తాం.

185 మంది అభ్యర్థులైతే 186 ఎలా అయ్యాయి? ఆఖరిది నోటా. అది ఊరికే రాలేదు. అంతకుముందు ఎవరూ నచ్చనివాళ్లకి 49-ఓ అనే రూల్ ఒకటుండేది. బూత్‌లో అధికారికి చెప్పి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి వెళ్లిపోవాలి. అంటే ఓటేసినవాడి రహస్యం భద్రం, వేయనన్నవాడిది బట్టబయలు. దీని మీద వేసిన కేసులో 2013 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, బటన్ పెట్టండి అని. యంత్రం మారలేదు, వైరింగ్ మారలేదు. బటన్ పక్కన ఇంకో లైను చేరిందంతే.

2014 ఏప్రిల్ 15న ఇంకో తీర్పు. ట్రాన్స్‌జెండర్లని మూడో జెండర్‌గా గుర్తించాలని. అప్పటిదాకా ఎన్ని ఫారాల్లో రెండే గుండ్రాలుండేవో మీ అన్నావదినలని అడగండి. ఇప్పుడు రైల్వే రిజర్వేషన్‌లో మూడో ఆప్షన్ ఉంది. ప్రైవేటు యాప్‌లు చాలావాటిలో ఇంకా రెండే. డేటాబేస్‌లో ఒక విలువ చేర్చడానికి పదేళ్లు చాలవా?

మన హైకోర్టు సంగతి 2023 జులైది. ఒక జంట తమ బిడ్డని ఏ మతం, ఏ కులం లేకుండా పెంచుకుంటామన్నారు. బర్త్ సర్టిఫికెట్ దరఖాస్తులో మతం గడి ఉంది, 'ఏదీ లేదు' అనే ఆప్షన్ మాత్రం లేదు. దరఖాస్తు తీసుకోలేదు. వాళ్లు కోర్టుకెక్కారు. ఏదో ఒక మతాన్ని పాటించే హక్కుతో పాటు ఏదీ పాటించకుండా ఉండే హక్కు కూడా రాజ్యాంగంలోనే ఉందని, ఆన్‌లైన్ దరఖాస్తులో 'మతం లేదు, కులం లేదు' అనే కాలమ్ పెట్టాలని తెలంగాణ హైకోర్టు చెప్పింది. మా ఆఫీసులో ఆప్షన్ల లిస్టు అడిగితే క్లయింట్లు వాట్సాప్‌లో రెండు మాటలు పంపి ఊరుకుంటారు. ఆ లిస్టులో ఏం మిగిలిపోయిందో ఎవరో ఒకరు బతుకులో తగిలాకే తెలుస్తుంది.

ఆప్షన్లన్నీ పెట్టాం. మరి ముందే ఏదో ఒకదాంట్లో చుక్క పెట్టి ఉంచాలా, వద్దా? ఇక్కడ పెద్దలే కొట్టుకుంటారు. యూజబిలిటీ గురువు జేకబ్ నీల్సన్ ముందే ఒకటి ఎంచి ఉంచమంటాడు. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ల డిజైన్ రూల్స్ అస్సలు వద్దంటాయి, జనం చూసుకోకుండా తప్పు జవాబు పంపేస్తారని. నేను రెండోవాళ్ల వైపు. డెలివరీ స్పీడు లాంటి వాటికి ముందే చుక్క పెట్టండి, ఎవరికీ నష్టం లేదు. జబ్బు, జెండర్, మతం, డబ్బు, వీటి మీద చుక్క పెట్టే హక్కు ఫారం గీసినవాడికి లేదు. ఖాళీగా వదిలి 'రిక్వైర్డ్' పెట్టండి, ఎంచుకోకుండా ముందుకు పోనివ్వదు. మనల్ని అడక్కుండా బిల్లులోకి విరాళమో, ఇన్సూరెన్సో తోసేయడాన్ని 'బాస్కెట్ స్నీకింగ్' అంటారు. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటిఫై చేసిన పదమూడు డార్క్ ప్యాటర్న్‌లలో అదొకటి.

అలాగని ఇన్సూరెన్స్ గుండ్రం కనబడగానే 'వద్దు' నొక్కేయకండి, ముఖ్యంగా రైలు టికెట్ దగ్గర. పండక్కి సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కే ప్రతివాళ్లకీ ఆ స్క్రీన్ తెలుసు. తత్కాల్ టెన్షన్‌లో ఏది దగ్గరగా ఉంటే అది నొక్కేస్తాం. ప్రీమియం మనిషికి రూపాయి కూడా కాదు. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా పది లక్షలు. పాక్షిక వైకల్యానికి ఏడున్నర లక్షలు. ఆస్పత్రి ఖర్చుకి రెండు లక్షల దాకా. కన్ఫర్మ్, ఆర్‌ఏసీ ఈ-టికెట్లకే ఇది వర్తిస్తుంది, వెయిటింగ్ లిస్టుకి లేదు.

'కావాలి' నొక్కాక ఇంకో పని ఉంటుంది. టికెట్ బుక్ అయ్యాక ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి మెసేజ్, మెయిల్ వస్తాయి, నామినీ వివరాలు నింపమని లింకుతో. ఆఫర్ మెసేజ్ అనుకుని చాలామంది తెరవను కూడా తెరవరు. సంక్రాంతికి టికెట్లు తీసుకున్నవాళ్లు ఒకసారి ఇన్‌బాక్స్ వెతకండి.