అజీర్ణము – స్కానింగు పరీక్ష

ఇంటిల్లిపాదికి వడ్డించి, ప్రొద్దుపోయినపిదప చల్లారిన జొన్నరొట్టె తిను గృహిణికి కడుపుబ్బరమును, పులిత్రేన్పులును క్రొత్తవి కావు. వాము నమలి యూరకుండుట మన కలవాటు. బాధ ముదిరినపుడు మాత్రము “స్కానింగు తీయించిన జాలు” నందుము. ఆ పరీక్ష యెంతవఱకు నుపకరించునో సోదరీమణులు తెలిసికొనవలయును.

చెవికి వినరాని ధ్వనితరంగములు కడుపులోని యవయవములకు దగిలి, మరలివచ్చి చిత్రమగును. గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డు 1958లో దీని యుపయోగమును లోకమునకు వెల్లడించెను. పిత్తాశయములోని రాళ్లను ఇది చక్కగా జూపును. కుడి డొక్కలో నొప్పి పుట్టి వీపునకో భుజమునకో ప్రాకునపుడు దీనిని చేయించుకొనదగును. అంతకుముందు 6 మొదలు 8 గంటలు ఏమియు దినరాదు.

కాని జీర్ణాశయపు లోపొరయందలి పుండును చూచుటకు ఇది చాలదు. అందులకు నోటిద్వారా సన్నని గొట్టమును బంపి చూచు ఎండోస్కోపీ వలయును. పుండునకు ముఖ్యకారణములలో నొకటియగు సూక్ష్మజీవిని 1982లో ఆస్ట్రేలియా వైద్యులు మార్షల్, వారెన్ గుర్తించిరి. అది మందులకు లొంగును.

కావున చిత్రములో దోషము లేదన్నంతమాత్రమున నిశ్చింత వలదు. రక్తము కక్కుట, మలము నల్లబడుట, మ్రింగుడు కష్టమగుట, అకారణముగా చిక్కిపోవుట కనబడినచో జాగుచేయక వైద్యునకు జూపుకొనుడు. వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములందు 2022లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. గద్వాల సోదరీమణులకును వనపర్తి దూరము గాదు. బాధను దాచుకొనుట యోర్పు గాదని మా మనవి. ఇల్లాలు చల్లగా నున్నగదా యిల్లు చల్లగా నుండుట!